నడినెత్తి ఎండలో వడ్లు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ భూమధ్యరేఖకు దాదాపు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. అందుకే ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే 8 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 5 ప్రాంతంలో. ఆగస్టు ఎండను వానాకాలపు మబ్బు ఆపేస్తుంది. మే ఎండ మాత్రం యాసంగి వడ్ల మీదే పడుతుంది.

ఆ ఎండలో వడ్లు ఆరబోసే ఆడవాళ్ల పనితనం నాకు అపురూపం. పలుచగా పరిచి, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తారు. మరీ వేగంగా ఆరితే గింజ లోపలే పగిలి, మిల్లులో నూకవుతుంది. ఆరకపోతే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. తేమ 17 శాతం మించకూడదు. తేమ కొలిచే మిషన్ పెట్టకముందే గింజ కొరికి చెప్పేస్తారు వీళ్లు. మబ్బు కమ్మితే పట్టాల కోసం ముందుగా పరుగెత్తేదీ వీళ్లే.