ముందు డిప్‌స్టిక్కు, తర్వాతే స్పానరు

క్యామ్‌షాఫ్ట్ పని వాల్వుల్ని తెరవడం. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది. పాత ఇంజన్లలో ఈ రెంటి పొందిక ఫ్యాక్టరీలో ఎలా బిగిస్తే అలాగే ఉండిపోయేది. ఇప్పటి పెట్రోలు ఇంజన్లలో అది బండి నడుస్తుండగానే మారుతుంది. బీఎండబ్ల్యూ 1992లో వానోస్ పేరుతో, టయోటా 1990ల మధ్యలో వీవీటీ-ఐ పేరుతో తెచ్చినవి ఇలాంటి ఏర్పాట్లే. సింగపూర్ రోడ్ల మీద తరచూ కనిపించే టయోటా వియోస్, ఆల్టిస్‌లలో ఉన్నది వీవీటీ-ఐయే.

షాఫ్ట్ చివర ఉన్న గేరు లోపల రెక్కలుంటాయి. ఆయిల్ ఒత్తిడి వాటికి ఏ పక్క తగిలితే షాఫ్ట్ ఆ మేరకు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎంత జరపాలో ఇంజన్ కంప్యూటర్ చెబుతుంది. ఆ ప్రకారం ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించేది ఆయిల్ కంట్రోల్ వాల్వు, వాడుకలో ఓసీవీ. బలమంతా ఆయిల్‌దే కాబట్టి లోపం వెతకడమూ అక్కడే మొదలుకావాలి.

జరిగేది మాత్రం తరచూ వేరు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, సిగ్నల్ దగ్గర బండి వణుకుతుంది, పికప్ పడిపోతుంది. స్కానర్ పెడితే పి0011 అని వస్తుంది. వెంటనే ఓసీవీ మార్చేస్తారు. ఆ కోడ్ చెప్పిందల్లా షాఫ్ట్ ఉండాల్సిన చోటుకన్నా ముందుకు జరిగి ఉందనే. పి0012 అయితే వెనకబడిందని. వాల్వు కరెంటు దారిలోనే తేడా ఉంటే వచ్చేది పి0010. ఈ కోడ్‌ల మధ్య తేడా పట్టించుకోకుండా భాగాలు మార్చుకుంటూ పోవడం కస్టమర్ డబ్బుతో జూదమాడటమే.

డిప్‌స్టిక్కు తీసి ఆయిల్ మట్టం, రంగు, పలచదనం చూడటానికి పైసా ఖర్చు లేదు. సింగపూర్‌లో ఈ పరీక్షకు అదనపు విలువుంది. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు 50 కిలోమీటర్లు. ప్రయాణాలు చిన్నవి, సిగ్నళ్లు ఎక్కువ, ఏసీ ఆపే ప్రశ్నే లేదు. మీటరు కదలకపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. కిలోమీటర్ల లెక్క మీదే ఆయిల్ మారిస్తే అది జిడ్డుకట్టే దాకా ఆగినట్టవుతుంది.

ఆయిల్ బాగుంటే అప్పుడు ఓసీవీ. ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు పెడితే, చాలా టయోటా వాల్వుల్లో చల్లగా ఉన్నప్పుడు 6.9 నుంచి 7.9 ఓముల మధ్య చూపాలి. ఇంతకన్నా నమ్మదగ్గ పరీక్ష ఇంకొకటుంది. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉండగా వాల్వుకు కాసేపు నేరుగా బ్యాటరీ కరెంటు ఇవ్వాలి. ఇంజన్ గడగడలాడి ఆగిపోబోతే వాల్వు, ఆయిల్ దారి, గేరు అన్నీ స్పందిస్తున్నట్టే. ఏ మార్పూ లేకపోతే వాల్వు విప్పి చూడాలి. దానికి ఆయిల్ అందే దారిలో చిన్న జాలీ ఫిల్టరుంటుంది. వియోస్ తరం 1ఎన్‌జెడ్ ఇంజన్లో అది సిలిండర్ హెడ్డుకున్న బోల్టు వెనక దాక్కుంటుంది. వాల్వు మార్చి దీన్ని మరిచిపోయేవాళ్లు తక్కువేం కాదు. జాలీ నల్లగా పూడుకుపోతే కొత్త వాల్వు కూడా ఏం చేయలేదు.

పి0016 వస్తే సంగతి పెద్దది: క్రాంకు, క్యాము సెన్సర్ల లెక్కలు పొసగడం లేదన్నమాట. ఆ రెంటినీ కలిపే టైమింగ్ చైను సాగి ఉండొచ్చు, పన్ను జారి ఉండొచ్చు. పొద్దున స్టార్టు చేయగానే క్షణంపాటు గరగరమంటే గేరు లోపలి తాళం పిన్ను అరిగిందేమో చూడాలి. వీటికి ఇంజన్ ముందువైపు కవరు విప్పక తప్పదు. విడిభాగం కన్నా కూలీ బరువు.

సింగపూర్‌లో 1990లో వచ్చిన సీఓఈ (సర్టిఫికెట్ ఆఫ్ ఎంటైటిల్‌మెంట్) పద్ధతి ఇక్కడే అడ్డుతగులుతుంది. కారు వాడుకునే హక్కు పదేళ్లకే. ఆపైన కావాలంటే ఇటీవలి సీఓఈల సగటు ధర కట్టి ఐదేళ్లకో పదేళ్లకో పొడిగించుకోవాలి. ఏడాది గడువు మిగిలిన కారుకు చైను మార్చమంటే సిన్ మింగ్ వర్క్‌షాపుల్లోనైనా కాకీ బుకిత్ వర్క్‌షాపుల్లోనైనా యజమాని వెనకాడతాడు. ఆ సందేహం సబబే. పదేళ్లకు పొడిగించుకునేవాడికి మాత్రం చైను వాయిదా వేయడం తెలివైన పని కాదు. ఐదేళ్ల పొడిగింపు ఒక్కసారే, ఆ తర్వాత కారు వదులుకోవాల్సిందే కాబట్టి అక్కడ లెక్క మధ్యస్తంగా ఉంటుంది.

పని అయ్యాక కోడ్ చెరిపేస్తే సరిపోదు. స్కానర్ తీయకుండా పీఐఈ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, కంప్యూటర్ అడిగిన కోణమూ షాఫ్ట్ నిలిచిన కోణమూ పక్కపక్కన చూస్తూ నడపాలి. యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా రెండు అంకెలూ వెంటవెంటనే కలుస్తుంటే బండి అప్పగించవచ్చు.