ఇందిర పక్కన పెన్సిలు గీతలు

మా పెద్దమ్మ ఇంట్లో ‘కాలాతీత వ్యక్తులు’ అచ్చు పుస్తకం లేదు. బైండు ఉండేది. ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రిక వచ్చినప్పుడల్లా సీరియల్ కాగితాలు విడదీసి దాచి, అంతా అయ్యాక దారంతో కుట్టించి, పైన నీలం కాలికో అట్ట వేయించింది. కాగితాలు అంటుకుంటే చినిగిపోతాయని ఒక్కొక్కటీ ఊది తిప్పాల్సి వచ్చేది. డాక్టర్ పి. శ్రీదేవి ఆ నవలను 1957 సెప్టెంబరు నుంచి 1958 జనవరి దాకా 21 వారాలు రాశారు. మా బైండులో ఉన్నవి 19. మధ్యలో రెండు వారాలు ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదట. నేను ఆ బైండు ముట్టుకునే నాటికి ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి, పెద్దమ్మకి ఆ మనిషి మీద కోపం మాత్రం తగ్గలేదు.

1986 వేసవి సెలవుల్లో, విజయనగరంలో, నాకు పదిహేడేళ్లప్పుడు మొదటిసారి చదివాను. రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. కల్యాణి కోసం ఏడ్చాను. ఇందిరను మనసారా తిట్టుకున్నాను. తెలియనివాళ్ల కోసం నాలుగు మాటల్లో చెప్తాను. కథ విశాఖపట్నంలో. ఇందిర ఉద్యోగం చేసి, బాధ్యత పట్టని తండ్రిని పోషిస్తూ ఉంటుంది. మేడమీద గదిలో ప్రకాశం అనే వైద్య విద్యార్థి. అతని మనసు కల్యాణి వైపు మొగ్గుతుంది. నెమ్మదస్తురాలు, కష్టాల్లో ఉన్న పిల్ల. ఇందిర అతన్ని తనవైపు తిప్పుకుంటుంది. అతను ఇద్దరికీ కాకుండా పోతాడు. పదిహేడేళ్ల పిల్ల ఎవరి పక్షం పడుతుందో చెప్పక్కర్లేదు కదా.

ఆ మాటే పెద్దమ్మతో అన్నాను. ఆవిడ వడియాలు తిరగేస్తూ, “మొత్తం చదివేవా?” అంది.

“రెండు వారాలు లేవు కదా పెద్దమ్మా.”

“అయితే అవి దొరికేక చెప్పు.”

దొరికాయి. ఏడెనిమిదేళ్లకి విజయవాడ స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండగకి వెళ్తే అచ్చు ప్రతి కనిపించింది. నిలబడిన చోటే ఆ రెండు వారాల భాగం వెతుక్కుని చదివేశాను. లోపలున్నదేదో తెలిస్తే ఇందిర మీద నా అభిప్రాయం మారుతుందని నిజంగానే అనుకున్నాను. మారలేదు. కథలో ఖాళీ పూడింది, అంతే.

మారింది ఆ తర్వాత, ఇంట్లో. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్లయింది. నాన్న వ్యాపారం మూతపడింది. తమ్ముడి ఇంజనీరింగు ఫీజు, ఇంటద్దె, పాల లెక్క అన్నీ నా జీతంలోంచే. ఒకటో తారీఖున కవరు తెచ్చి అమ్మ చేతికిస్తే ఆరో తారీఖుకి ఖాళీ అయ్యేది. ఆ రోజుల్లో ఒక రాత్రి నిద్రపట్టక పుస్తకం మొదటినుంచీ చదివాను. ఇందిర నా పక్కన కూర్చున్నట్టయింది. ఆ పిల్ల తనకోసం ఏదైనా కోరుకున్నప్పుడల్లా నేను ఎందుకు అంత మండిపడ్డానో అర్థం కాలేదు. సంపాదిస్తున్న ఆడపిల్లకి ఇంట్లో అందరూ చెయ్యి చాపుతారు, నీకేం కావాలని అడిగేవాళ్లు ఉండరు. ఇందిర అడగకుండానే తీసుకోవాలనుకుంది. అది తప్పో ఒప్పో తేల్చకుండానే శ్రీదేవి మన ముందు నిలబెట్టారు. కల్యాణిని మెచ్చుకోవడానికి ఇందిరను చెడ్డదాన్ని చేయలేదు. ఆవిడ స్వయంగా డాక్టరు. రోగిని చూస్తూ నీ గుణం మంచిదా అని అడగని చూపు ఆ పేజీల్లో నాకు కనిపిస్తుంది.

అప్పుడే ఇంకోటి కూడా జరిగింది. విజయనగరం వెళ్లినప్పుడు బైండు మళ్లీ తీశాను. అంచుల్లో అక్కడక్కడ సన్నటి పెన్సిలు గీతలున్నాయి. మొదటిసారి చదివినప్పుడూ చూశాను గానీ, అవి ఎందుకున్నాయో పట్టించుకోలేదు. ఈసారి ఒక్కొక్క గీత దగ్గరా ఆగాను. అన్నీ ఇందిర పక్కనే. పెద్దమ్మ పద్దెనిమిదో ఏట బడిపంతులమ్మగా చేరి, మా అమ్మతో కలిపి నలుగురు చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ చదివించింది. పెళ్లి చేసుకునేసరికి ముప్పై దాటింది. ఆ గీతలు కొట్టే నాటికి ఆవిడ వయసు ఇరవై నాలుగు. నేనేమీ అడగలేదు, ఆవిడా ఏమీ చెప్పలేదు. బైండు మాత్రం “తీసుకుపో” అని నా సంచిలో పెట్టింది.

ఇష్టమైన పుస్తకాలన్నీ ఇలాగే మారతాయనను. ‘బారిష్టర్ పార్వతీశం’ ఎన్నిసార్లు చదివినా నేను నవ్వే చోట్లు అవే. ఒంట్లో బాగోలేనప్పుడు దాని దగ్గరికే పోతాను. ‘కాలాతీత వ్యక్తులు’ దగ్గరికి మాత్రం నిబ్బరంగా ఉన్నప్పుడే వెళ్లాలి. దాని కథ తీసుకుని 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. చూడముచ్చటగా ఉంటుంది, కానీ నా ఇందిర అందులో నాకు దొరకలేదు. ఆ సినిమా వచ్చేనాటికి శ్రీదేవి లేరు. 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే పోయారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

మూడోసారి చదివింది కిందటేడు వానాకాలంలో. ఈసారి నన్ను వదలనివాడు ప్రకాశం. ఇంటివాళ్ల మాటకి ఎదురు చెప్పలేక, మాటిచ్చిన మనిషికి మొహం చూపించలేక తప్పుకుపోయే ప్రకాశం. ఇన్నాళ్లూ పిరికివాడని ఒక్క మాటతో తోసేశాను. ఉద్యోగంలో ఒకసారి, చెయ్యని తప్పుకి ఒక తోటి ఉద్యోగిని సంజాయిషీ ఇచ్చుకుంటుంటే, నిజం తెలిసి కూడా నేను నోరు మెదపలేదు. పైవాళ్లతో ఎందుకులే అనుకున్నాను. ఆవిడ బదిలీ మీద వెళ్లిపోతూ నాకు చెప్పి మరీ వెళ్లింది. ప్రకాశం పేజీలు చదువుతుంటే ఆవిడ మొహమే కనిపించింది. పుస్తకం మూసి వరండాలో చాలాసేపు కూర్చున్నాను.

ఈమధ్య అచ్చు ప్రతిని మా తమ్ముడి కూతురికి పంపాను. హైదరాబాదులో ఉద్యోగం, చదివేది మెట్రోలో వెళ్తూ వస్తూ. ఇందిర గురించి నేనేమీ చెప్పలేదు. మా పెద్దమ్మలాగే ఊరుకున్నాను. కల్యాణి కోసం ఏడుస్తుందా, ఇందిరను వెనకేసుకొస్తుందా అని మాత్రం రోజూ ఎదురుచూశాను. మొన్న ఆదివారం ఫోన్ చేసింది.

“అత్తా, కృష్ణమూర్తి గురించి నువ్వెప్పుడూ మాట్లాడవేం? అంతా తెలిసే కదా ఇందిరను పెళ్లి చేసుకున్నాడు?”

నా దగ్గర జవాబు లేదు. మూడుసార్లు చదివాను, అతని దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఫోన్ పెట్టేసి అల్మారాలోంచి బైండు తీశాను. ఊదుతూ ఒక్కొక్క కాగితం తిప్పాను. కృష్ణమూర్తి వచ్చే పేజీల్లో పెద్దమ్మ గీత కూడా ఒక్కటీ లేదు.