నీటిని బట్టి చేప

చిన్న మంచినీటి అక్వేరియంలో ఏ చేపకు ఏ చేప తోడు అన్న ప్రశ్నకు దుకాణంలో దొరికే జవాబు చాలావరకు చేపల స్వభావం గురించే ఉంటుంది: ఇది సాధువు, అది పోట్లాటకోరు, ఈ రెండింటికీ పొసగదు అని. ఆ జవాబు తప్పు కాదు గాని, అది రెండో మెట్టు. చేపలు ఒకదానితో ఒకటి పొసగడానికి ముందు అవన్నీ తొట్టిలోని నీటితో పొసగాలి. ఆ నీరు ఊరిని బట్టి, ఊరి కింద పరుచుకున్న రాతిని బట్టి మారుతుంది కనుక, హైదరాబాదు దుకాణాల్లోనో చెన్నై కొళత్తూరు అలంకార చేపల మార్కెట్లోనో చెలామణీ అయ్యే జాబితా నంద్యాలకో ఆళ్లగడ్డకో యథాతథంగా పనికిరాదు.

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. విలియం కింగ్ కడప, కర్నూలు శిలాసముదాయాలను వర్ణిస్తూ 1872లో వెలువరించిన గ్రంథం మొదలుకొని ఈ ప్రాంతపు రాళ్లు ఇక్కడి ఊళ్ల పేర్లతోనే భూవిజ్ఞానంలో స్థిరపడ్డాయి. శ్రీశైలం పేరు క్వార్ట్‌జైటుకు దక్కింది. అంటే ఇసుకరాయి భూగర్భంలో గట్టిపడి, నీటికి ఏమాత్రం కరగని స్థితికి చేరిన రాయి. కుందూ లోయలోకి దిగితే కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అనే పలకల రాయి ఎదురవుతాయి. సున్నపురాతి పొరల్లో ఇంకిన వాననీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోర్లలోకి చేరుతుంది. ఈ లవణాల మోతాదునే నీటి కాఠిన్యం అంటారు. తాగునీటిలో అది లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మేలనీ, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా సహించవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. పరీక్ష కిట్టు లేని ఇంట్లోనైనా, రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర బోరు నీటి సంగతి చెప్పేస్తుంది.

తొట్టిలో అలంకారానికి వేసే రాతినీ ఈ లెక్కలోకి తీసుకోవాలి. జిల్లాలో చౌకగా దొరికే బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి జాతిదే. దాని ముక్కను పగలగొట్టి, పాలిష్ లేని కొత్త ముఖం మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే సన్నని నురగ లేస్తుంది. అలా నురగ లేచే రాయి నీటిలో నెమ్మదిగా కరుగుతూ కాఠిన్యాన్ని పెంచుతుంది. నురగ రాని గ్రానైటు, చెకుముకి గులకరాళ్లు నీటిని మార్చవు.

కాఠిన్యం చేపకు ఎందుకు ముఖ్యమో దాని శరీర ధర్మం చెబుతుంది. మంచినీటి చేప రక్తంలో లవణాలు బయటి నీటిలో కంటే ఎక్కువగా ఉంటాయి కాబట్టి మొప్పల గుండా నీరు నిరంతరం లోపలికి చొరబడుతూ, లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. మూత్రపిండాలు ఆ అదనపు నీటిని తోడివేస్తుంటే, మొప్పలు పోయిన లవణాలను తిరిగి పట్టుకుంటాయి. ఒక్కో జాతి తన పుట్టింటి నీటికి తగినట్టు ఈ యంత్రాంగాన్ని కుదుర్చుకుంది. అమెజాన్ పరీవాహకంలో లవణాలు అత్యల్పంగా ఉండే ఆమ్ల జలాల నుంచి వచ్చిన నియాన్ టెట్రా, డిస్కస్ చేపలకు కుందూ లోయ బోరు నీరు శిక్ష. మధ్య అమెరికాకు, దక్షిణ అమెరికా ఉత్తర తీరానికి చెందిన మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టైల్, గప్పీలకు అదే నీరు హాయి. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కనే ఈ నాలుగూ చవకగా దొరకడం ఇక్కడి ఔత్సాహికుల అదృష్టం.

బోరు నీరు పనికిరాదనుకుని ఇంటికి వచ్చే క్యాన్ నీళ్లతోనే తొట్టి నింపే అలవాటు కొందరిలో ఉంది. ఆ నీటిని శుద్ధి చేసే ఆర్వో యంత్రం లవణాలతో పాటు, ఆమ్లతను అదుపులో ఉంచే క్షారతను కూడా తీసివేస్తుంది కాబట్టి అటువంటి నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు. క్యాన్ నీటికి తగిన చోటు వేరే ఉంది. తొట్టి నీరు ఆవిరైనప్పుడు లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీరే పోస్తూ పోతే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది. ఆవిరైన భాగాన్ని క్యాన్ నీటితోనో వాననీటితోనో భర్తీ చేసి, వారానికోసారి నాలుగో వంతు తీసి మార్చే నీటికి మాత్రం బోరు నీరు వాడడం సరైన పద్ధతి. కుళాయి నీరైతే ముందుగా క్లోరిన్ పోగొట్టాలి.

రెండో షరతు ఎండ. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద అది 7.6కు పడిపోతుంది, అదే వేడికి చేప శరీరం మరింత ఆక్సిజన్ కోరుతుంది. మే నెల తెల్లవారుజామున చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయంటే, రాత్రంతా మొక్కలూ చేపలూ కలిసి ఆక్సిజన్‌ను హరించాయని అర్థం. దీనికి తోడు చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియాలో విషరూపం క్షార నీటిలో, వేడి నీటిలో పెరుగుతుంది: 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 నుంచి 8కి చేరితే అది దాదాపు తొమ్మిది రెట్లవుతుంది. అందువల్ల ఈ ప్రాంతంలో చేపల సంఖ్యా, వేసే మేతా పుస్తకాల్లో చెప్పినదానికంటే తక్కువగానే ఉండాలి. చల్లని నీటిని కోరే, విసర్జన ఎక్కువైన గోల్డ్ ఫిష్ నంద్యాల వేసవిలో చిన్న తొట్టికి తగినది కాదు. గాజు బుడ్డికి అసలే కాదు. ఫైటర్, గౌరామి చేపలు మాత్రం కొరమీను, గొరకల మాదిరిగా పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలవు.

నీరూ ఎండా ఒప్పుకున్న తర్వాతనే స్వభావం సంగతి. ఇక్కడ చూడవలసినవి నోటి పరిమాణం, రెక్కల పొడవు, గుంపు అవసరం, పెరిగే సైజు. నోట్లో పట్టే చేపను ఏంజెల్ మింగుతుంది. టైగర్ బార్బు గుంపుగా ఉన్నా పొడవాటి రెక్కలను కొరుకుతుంది. ఒంటరిగా ఉంటే మరీ వేధిస్తుంది. మగ ఫైటర్ మరో మగ ఫైటర్‌తోనే కాదు, రంగుల తోక విప్పే మగ గప్పీతో కూడా కలబడుతుంది. వాస్తు పేరిట కొనే ఫ్లవర్‌హార్న్, అరోవానా పెద్ద తొట్టిలో పెరగవలసినవి. రెండడుగుల తొట్టిలో వాటికి ఏ జోడీ కుదరదు.

ఈ లెక్కలన్నీ కూడితే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టికి, అంటే సుమారు 56 లీటర్లకు, ఆళ్లగడ్డ బోరు నీటిలో ఆరు జీబ్రా డేనియోలు, నాలుగైదు ప్లాటీలు చాలు. 1822లో హామిల్టన్ గంగా పరీవాహకపు చేపల గ్రంథంలో వర్ణించిన జీబ్రా డేనియో మన దేశపు చేప. పై నీటిలో గుంపుగా తిరుగుతుంది. ప్లాటీ మధ్య నీటిలో మెసలుతుంది. ప్లాటీలు అన్నీ మగవే అయితే సంతానం బెడద ఉండదు. ఫిల్టరులో అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది గనుక, చేపలను రెండు మూడు విడతలుగా దించాలి.

పాచి తింటుందని అమ్మే సక్కర్ చేపను ఈ జాబితాలో చేర్చకూడదు. అది అడుగు దాటి పెరుగుతుంది. తొట్టిలో పట్టక చెరువుల్లో వదిలిన సక్కర్లే నేడు దెయ్యం చేపల పేరుతో జాలరుల వలలు చింపుతున్నాయి. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ జాడలతో తూర్పు కనుమల జలవనరుల్లో వీటి వ్యాప్తిని గుర్తించారు. పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా పెంచగలవారికి అప్పగించాలి. శ్రీశైలం జలాశయంలోనో కుందూలోనో గుడి కోనేటిలోనో వదలడం పుణ్యం కాదు, అక్కడి స్థానిక చేపలకు చేసే అపకారం.