గ్రావిటీ చూసే చెయ్యి

గోల్ఫ్ మైదానంలోనో, రిసార్టులోనో, జూపార్కులోనో చప్పుడు లేకుండా వచ్చి ఆగే బ్యాటరీ కారు ఎక్కేవాళ్లు సీటు కింద ఏముందో పట్టించుకోరు. సీటు లేపితే నల్లటి పెట్టెలు బారుగా కనిపిస్తాయి. చాలా బండ్లలో 8 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉంటాయి. వాటిని సిరీస్‌లో కలిపితే 48 వోల్టులు. ఒక్కోటీ ముప్పై కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. ఈ పెట్టెల్ని సాకే మనిషి వెనక షెడ్డులో ఉంటాడు. పని తెలిసిన మెకానిక్ అయితే అతని దగ్గర పది నిమిషాలు నిలబడి చూడటం దండగ కాదు.

ఈ బ్యాటరీకి పెట్రోలు కారు బ్యాటరీతో పోలిక లేదు. కారు బ్యాటరీ ఇంజన్ను తిప్పడానికి కొన్ని సెకన్లు దమ్ము చూపిస్తే చాలు, ఆ తర్వాత ఆల్టర్నేటర్ దాన్ని నింపుతూనే ఉంటుంది. గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ గంటల తరబడి ఖాళీ అవుతూ, రాత్రికి నిండుతూ బతకాలి. అందుకే దీని ప్లేట్లు మందంగా ఉంటాయి. లోపలి సూత్రం మాత్రం 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టినదే: సీసం ప్లేట్లు, గంధకామ్లం. బండి నడుస్తున్నకొద్దీ ఆమ్లం ప్లేట్లలోకి వెళ్లి లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది, మిగిలిన ద్రవం పలచబడుతుంది. చార్జింగు పెడితే ఆమ్లం తిరిగి ద్రవంలోకి వచ్చి చిక్కబడుతుంది. కాబట్టి బ్యాటరీలోని ఒక్కో గదిలో, అంటే సెల్‌లో, ఎంత శక్తి ఉందో ఆ ద్రవం చిక్కదనమే చెప్పేస్తుంది. షెడ్డులో దాన్నే గ్రావిటీ అంటారు. మెకానిక్ విద్యంతా అక్కడే మొదలవుతుంది.

మంచి పనివాడు మీటరు కంటే ముందు కళ్లకు పని చెబుతాడు. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న తుప్పు, వైరు చివర వదులైన లగ్గు, ఉబ్బిన పెట్టె, పైమూత మీద యాసిడ్ తడి, ఇవన్నీ చూస్తాడు. ఆ తడి గుండా కరెంటు సన్నగా కారిపోతూ ఉంటుంది. మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో పైభాగం కడిగి, మంచినీళ్లు పోసి తుడుస్తాడు. ఆ తర్వాత పూర్తిగా చార్జింగు పెట్టి తీసేసి, కనీసం ఆరు గంటలు బండిని కదలనివ్వడు. చార్జర్ తీయగానే చూస్తే వోల్టేజి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ పొంగు దిగాకే అసలు లెక్క తెలుస్తుంది.

ఇప్పుడు మీటరు పెడితే ప్యాక్ మొత్తం 50.6 వోల్టులు చూపించిందనుకుందాం. ఈ అంకె చూసి చాలామంది బ్యాటరీలు భేషుగ్గా ఉన్నాయని సీటు దించేస్తారు. మంచి మెకానిక్ ఇక్కడే గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ చేతిలోకి తీసుకుంటాడు. ఆరు బ్యాటరీలు, ఒక్కో దానిలో నాలుగు సెల్స్, వెరసి 24 మూతలు. డాక్టరు రోగి చెయ్యి పట్టుకున్నంత శ్రద్ధగా ఒక్కో సెల్‌నూ పలకరిస్తాడు. రబ్బరు బల్బు నొక్కి ద్రవాన్ని రెండుమూడు సార్లు లోపలికి లాగి వదులుతాడు. ఆ తర్వాత మళ్లీ లాగి, తేలే గొట్టం గాజు గోడకు అంటుకోకుండా నిటారుగా పట్టుకుని, కంటిని ద్రవం మట్టానికి దించి అంకె చదువుతాడు. చివరి చుక్క కూడా తీసిన సెల్‌లోకే పోస్తాడు. బ్యాటరీ మీద సుద్దముక్కతో రాస్తాడు: 1265, 1270, 1265. అసలు అంకె 1.265 అయినా షెడ్డు భాషలో దశాంశ బిందువు ఉండదు.

ఈ వరసలో ఒక్క సెల్ 1210 చూపిందనుకోండి. ఆ ఒక్కటి తగ్గినందువల్ల ప్యాక్ వోల్టేజిలో పడే తేడా దాదాపు వోల్టులో ఇరవయ్యో వంతు మాత్రమే. మొత్తం అంకె చూసేవాడికి అది కనపడదు. కానీ సిరీస్‌లో అన్ని సెల్స్ గుండా ఒకే కరెంటు పోవాలి. బలహీనమైన సెల్ ముందుగా ఖాళీ అవుతుంది, మిగిలినవి దాన్ని లాక్కుపోతాయి, ఒక్కోసారి దాని ధ్రువాలే తారుమారవుతాయి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి నీరసపడటానికి ఇది ఒక పెద్ద కారణం.

ఎండాకాలంలో ఇంకో మెళకువ ఉంది. హైడ్రోమీటర్ అంకెల్ని సాధారణంగా 27 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర లెక్కిస్తారు. వేడెక్కిన ద్రవం పలచగా కనిపిస్తుంది. మే నెలలో హైదరాబాదు షెడ్డులో ద్రవం 40 డిగ్రీలకు చేరితే, 1255 అని చదివినదాన్ని దాదాపు 1264గా లెక్కకట్టాలి. ఈ సవరణ తెలియనివాడు మంచి బ్యాటరీని రోగిష్టిదని తేల్చేస్తాడు.

1210 కనపడగానే బ్యాటరీ మార్చమని చెప్పేవాడు వ్యాపారి. పనివాడు ముందు ఈక్వలైజింగ్ చార్జింగు ఇస్తాడు. అంటే సెల్స్ బుడగలు కక్కేంత ఎక్కువ వోల్టేజి మీద, గంటకోసారి గ్రావిటీ చూస్తూ నింపుతాడు. ప్లేట్ల మీద అప్పుడే పట్టిన సల్ఫేట్ దీనితో కరుగుతుంది. ఎన్నాళ్లుగానో గట్టిపడిపోయింది మాత్రం కరగదు. చూసిన ప్రతిసారీ అంకె పెరుగుతుంటే సెల్‌కు ప్రాణం ఉన్నట్టు. వరసగా రెండుమూడు సార్లు కదలకపోతే ఆశ వదులుకుంటాడు.

చివరి తీర్పు లోడ్ టెస్టుది. డిశ్చార్జి మిషన్ పెట్టి 75 ఆంపియర్లు లాగుతూ, సెల్‌కు 1.75 వోల్టుల దాకా, అంటే ప్యాక్ 42 వోల్టులకు దిగేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటాడు. మిషన్ నడుస్తుండగా ఒక్కో బ్యాటరీ వోల్టేజి విడివిడిగా చూస్తాడు. అన్నీ సమానంగా దిగుతుంటే అది వయసు. ఒక్కటే జారిపోతుంటే అది జబ్బు. కంపెనీ చెప్పిన నిమిషాల్లో సగం కూడా రాకపోతే ఆ సెట్టు పని అయిపోయినట్టే.

మార్చడంలోనూ నేర్పు ఉంది. ముందు వైరింగు ఫోటో తీస్తాడు. బండిని లాక్కెళ్లేటప్పుడు వాడే ‘టో’ స్థానంలోకి స్విచ్ తిప్పి, మెయిన్ నెగటివ్ విప్పుతాడు. చేతి గడియారం, ఉంగరం జేబులో పెడతాడు. స్పానర్ పిడికి టేపు చుట్టి ఉంటుంది, ఎందుకంటే అది రెండు టెర్మినల్స్ మీద అడ్డంగా పడితే నిప్పురవ్వ లేస్తుంది. చార్జింగులో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. సీసం మెత్తన కనుక నట్టును బలమంతా పెట్టి బిగించడు. పాత సెట్టులో ఒక్క కొత్త బ్యాటరీ ఇరికించమని యజమాని అడిగినా సాధారణంగా ఒప్పుకోడు. పాతవాటి మధ్య కొత్తది వాటి స్థాయికే దిగిపోతుంది. సెట్టు మరీ కొత్తదై ఒక్కటే చెడితే మాత్రం అదే కంపెనీది, అదే రకానిది వెతికి వేస్తాడు.

ఇంత చేసినా ఆయుష్షును నిలబెట్టేది డిస్టిల్డ్ వాటర్. చార్జింగుకు ముందు ప్లేట్లు మునిగేంతే పోయాలి, నిండుగా పోసేది చార్జింగు అయ్యాకే. ముందే నిండుగా పోస్తే ద్రవం పొంగి యాసిడ్ బయటికి పోతుంది. తగ్గిందని యాసిడ్ పోయడం పెద్ద తప్పు, ఆవిరయ్యేది నీళ్లే. బండిని సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకుండా, వాడిన రోజే చార్జింగు పెడితే సల్ఫేట్ గట్టిపడే అవకాశం తక్కువ. లిథియం ప్యాక్‌లు వచ్చాక ఈ నీళ్ల గొడవ లేదు, అక్కడ కాపలా పని ఎలక్ట్రానిక్ సర్క్యూటే చేసుకుంటుంది. అయినా సీసం బ్యాటరీతో నడిచే బండ్లు, ఆటోలు, ఇంటి ఇన్వర్టర్లు ఇంకా మన చుట్టూ బోలెడు ఉన్నాయి.

అందుకే ఒక మాట. బ్యాటరీ పోయిందని ఎవరైనా అంటే సెల్ సెల్‌కూ గ్రావిటీ రాసి చూపించమనండి. చూపించినవాడి మాట వినండి, కూలి దగ్గర బేరం ఆడకండి. పాతవి గల్లీలో సీసం కరిగించేవాళ్లకు అమ్మకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేయండి.