విందు పిలుపూ, ఉరికంబమూ

జపాన్‌లో 1901 నుంచి 1913 వరకు సాగిన మంత్రివర్గ రాజకీయాలను చరిత్రకారులు ఇద్దరు ప్రధానుల కథగా చెబుతుంటారు. ఒకరు సేనాని కత్సురా తారో. మరొకరు ఫ్రాన్సులో చదివిన ఉదారవాది సయోంజీ కిమ్మోచి. వంతులవారీగా గద్దె నెక్కారు. చెడ్డ ప్రధాని, మంచి ప్రధాని అన్న ఈ విభజన చాలా ఏళ్లు నాకూ సబబుగానే తోచింది. ఆనాటి రచయితల జీవితాలు చదివాక అలా తోచడం లేదు.

1907 జూన్‌లో ప్రధాని సయోంజీ ఇరవై మంది దాకా రచయితలను ఇంటికి ఆహ్వానించాడు. నవలాకారుడు నత్సుమే సోసెకి ఒక హైకూ రాసి పంపి, రానన్నాడు. అది వట్టి వ్యక్తివాదమని నేను తరగతిలో చెప్పేవాణ్ణి. ఆ ప్రభుత్వమే ఫిబ్రవరిలో సోషలిస్టు పార్టీని నిషేధించిందన్న సంగతి అప్పుడు గమనించలేదు. 1908 జూన్‌లో ఎర్రజెండాలు పట్టినవారిని అరెస్టు చేసిందీ అదే. అయినా మెతకదనం చూపిందన్న నింద మోసి, జూలైలో ఆ మంత్రివర్గం దిగిపోయింది.

తర్వాత కత్సురా వచ్చాడు. 1910 ఆగస్టులో కొరియాను కలుపుకున్నాడు. చక్రవర్తి హత్యకు కుట్ర పన్నారంటూ కొతోకు షూసుయి సహా 26 మందిపై రహస్య విచారణ జరిగింది. అప్పీలు లేదు. 1911 జనవరి 18న 24 మందికి మరణశిక్ష వేసి, మర్నాడు 12 మందికి యావజ్జీవంగా తగ్గించారు. మిగిలిన 12 మందినీ వారం తిరక్కుండానే ఉరితీశారు. వారిలో చాలామందికి ఆ కుట్రతో సంబంధమే లేదు.

పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే కవి ఇషికవా తకుబోకు ఆ కేసు కాగితాలు సంపాదించి, రహస్యంగా నకలు రాసుకున్నాడు. ఊపిరాడని ఆ కాలం గురించి 1910లో ఆయన రాసిన వ్యాసం ఆయన బతికుండగా అచ్చుకాలేదు. 1912లో 26వ ఏట క్షయతో చనిపోయాడు.

ఇద్దరు ప్రధానులూ ఒకటేనని నేననను. కొరియాకు రెండు కొత్త డివిజన్లు కావాలన్న సైన్యానికి సయోంజీ 1912లో కాదన్నాడు. సైనిక మంత్రి రాజీనామా చేశాడు. ఆ పదవిలో సర్వీసులో ఉన్న సేనానే ఉండాలన్నది 1900 నాటి నిబంధన. సైన్యం మరొకరిని ఇవ్వలేదు, మంత్రివర్గం కూలింది. కాని 1911 ఆగస్టులో కత్సురా దిగిపోతూ పెట్టిన ప్రత్యేక పోలీసు విభాగాన్ని సయోంజీ ఎత్తివేయలేదు. అది 1945 దాకా రచయితలను వేటాడింది.

సోసెకిపై నా పాత తీర్పును వెనక్కి తీసుకుంటున్నాను. 1911 ఫిబ్రవరిలో ప్రభుత్వమిచ్చిన డాక్టరేటునూ ఆయన నిరాకరించాడు. అది తకుబోకు చేసినంత పని కాదు. అయినా ప్రభుత్వం పిలిచినప్పుడు, ఆ ఇంటికి రానివ్వనిదెవరినో రచయిత ముందు అడిగి తెలుసుకోవాలి.