ముద్దుతనం, పసిచూపు: సమకాలీన కళలో ఒక పరిశీలన

పరిచయం

పల్నాడు జిల్లాలోని ఎత్తిపోతల వద్ద చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. అక్కడే మొసళ్ల పెంపక కేంద్రం ఉంది. నీటిలో మొసలిని చూస్తే పెద్దవాళ్లకే గుండె జల్లుమంటుంది. అదే మొసలి గుడ్డబొమ్మగా మారితే తల పెద్దదవుతుంది, కళ్లు గుండ్రనవుతాయి, మూతి పొట్టిదవుతుంది, పళ్లు మెత్తబడతాయి. పిల్లవాడు దాన్ని పక్కలో వేసుకుని నిద్రపోతాడు. ఈ మార్పులో మొసలి పోగొట్టుకున్నదేమిటి? ఈ పాఠం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

ముద్దుతనం అంటే ఏమిటి?

పెద్ద తల, పెద్ద కళ్లు, బూరె బుగ్గలు, పొట్టి కాళ్లూచేతులు కనిపిస్తే మనలో లాలించాలనే కోరిక పుడుతుందని 1943లో కొన్రాడ్ లోరెంజ్ ప్రతిపాదించాడు. ముద్దుగా కనిపించేది బలహీనంగానూ కనిపిస్తుందని, ఆ అనుభూతిలో ఆప్యాయతతోపాటు పెత్తనం కూడా కలిసి ఉంటుందని విమర్శకురాలు సియాన్ ఙాయ్ 2012లో వెలువడిన తన గ్రంథంలో వాదించింది. గుడ్డ మొసలి పోగొట్టుకున్నది తన బలాన్నే.

జపాన్ చిత్రకారుడు యోషితోమో నారా ఈ లక్షణాలనే తీసుకుని తిరగేశాడు. 2000లో గీసిన 'వీపు వెనుక కత్తి' చిత్రంలో పెద్ద తల పిల్ల మనవైపు గుర్రుగా చూస్తుంది. కత్తి బొమ్మలో లేదు, పేరులోనే ఉంది. అయితే 2019లో హాంకాంగ్ వేలంలో ఆ చిత్రం సుమారు 2.5 కోట్ల డాలర్లు పలికింది. పిల్ల కోపాన్ని కూడా కొని గోడకు తగిలించుకోవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

మన బుడుగు

తెలుగులో ఈ చర్చకు సరైన ఉదాహరణ 1950లలో ముళ్లపూడి వెంకటరమణ రాయగా బాపు బొమ్మలు వేసిన 'బుడుగు'. బుడుగు ముద్దుగా ఉంటాడు, కాదనలేం. కానీ ఇక్కడ కథ చెప్పేది బుడుగే. నాన్న, బామ్మ, బాబాయి, ప్రైవేటు మాస్టారు, పక్కింటి లావుపాటి పిన్నిగారి మొగుడు అందరూ వాడి చూపులోంచే మనకు కనిపిస్తారు. పెద్దల ప్రేమ, కోపం, దెబ్బలు అన్నీ వాడి తూకంలో తేలతాయి. బాపు గీత పొదుపైనది. అది వాడిని చిన్నవాడిగా చూపుతుందే తప్ప చేతగానివాడిగా చూపదు.

నేను చాలాకాలం 'బుడుగు'ను హాస్యరచనగానే బోధించాను. తరగతి అంతా నవ్వేది, గంట కొట్టేది, నేను తృప్తిగా బయటికి వచ్చేవాణ్ణి. దెబ్బలు తిన్న పిల్లవాడు తన పక్షం చెప్పుకుంటున్నాడన్న సంగతి ఆ నవ్వులో కలిసిపోయేది. ఇంట్లో కూడా మనం చేసేది ఇదే. పిల్లవాడు న్యాయం అడిగితే "ఎంత ముద్దుగా మాట్లాడాడో!" అంటాం. జవాబు మాత్రం చెప్పం.

సారాంశం

పసితనపు బొమ్మ ఎదురైనప్పుడు అది ముద్దుగా ఉందా అని మాత్రమే అడిగితే విమర్శ అక్కడితో ఆగిపోతుంది. చూసేది ఎవరు, చూడబడేది ఎవరు అని కూడా అడగాలి. గుడ్డ మొసలిని మనం చూస్తాం. బుడుగు మనల్ని చూస్తాడు.

ఆలోచించండి

మీ ఇంట్లోని ఒక క్యాలెండరు బొమ్మను గానీ ఆటబొమ్మను గానీ తీసుకుని, అందులో పసితనానికి బలం మిగిలిందో లేదో పది వాక్యాల్లో రాయండి.