తెల్లగుడ్డ మీద ఊరి పచ్చదనం

రాత్రిపూట తిరిగే శలభాలను చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక తెల్లటి దుప్పటి, రెండు చెట్ల మధ్య కట్టే తాడు, ఒక దీపం ఉంటే చాలు. దుప్పటి పాతదైనా పరవాలేదు, దాని మీద పూలూ గీతలూ ఉండకూడదు. కింది అంచును మూరెడు మేర నేల మీద పరిస్తే, జారిపడిన పురుగు గడ్డిలో కలిసిపోదు. ఆ అంచును ఎవరూ తొక్కకుండా చూడటం బృందంలో ఒకరికి అప్పగించదగ్గ పని. దీపంగా తరచూ వాడేది 160 వాట్ల మెర్క్యురీ బల్బు. దాని అతినీలలోహిత కాంతి మనుషుల కంటికి కనబడదు గాని శలభాలకు బాగా ఆనుతుంది. కాగిన బల్బు మీద చినుకు పడితే గాజు పగులుతుంది కాబట్టి పైన చిన్న రేకు కడతారు. కరెంటు లేని చోట బ్యాటరీతో వెలిగే యూవీ ట్యూబు సరిపోతుంది. ఈ దీపాల వైపు నేరుగా చూడకూడదన్న మాట పిల్లలు వచ్చిన రోజున ముందే చెప్పాలి.

అమావాస్యకు దగ్గరగా, గాలి ఆడకుండా ఉక్కపోసే రాత్రి అన్నిటికన్నా మంచిది. వెన్నెల బాగా ఉన్ననాడు వచ్చేవి తగ్గిపోతాయి. 2012లో అమెరికాలో న్యూజెర్సీలోని ఈస్ట్ బ్రన్స్‌విక్ ఔత్సాహికులు మొదలుపెట్టిన ‘నేషనల్ మాత్ వీక్’, అంటే శలభాల వారం, ఏటా జూలై చివర్లో వస్తుంది. తెలుగు నేల మీద అప్పటికి వానలు పడి, చెట్టూ చేమా చిగిర్చి ఉంటాయి. గొంగళి పురుగులకు లేతాకు దొరికే కాలమది.

శలభాలు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయి? చంద్రుణ్ని చూసి దారి పట్టే అలవాటే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2024లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన మరో జవాబు ఇచ్చింది. అతివేగంగా చిత్రించే కెమెరాలతో చూసినప్పుడు, ఎగిరే పురుగు దీపం వైపు వీపు తిప్పుతోందని తేలింది. మామూలుగా రాత్రివేళ కూడా నేల కంటే ఆకాశమే వెలుగు. వెలుగున్న వైపు వీపు ఉంచుకుంటే పురుగు నిటారుగా ఎగురుతున్నట్టే. పక్కన దీపం వెలిగితే ఆ లెక్క తప్పుతుంది, పురుగు ఒరిగిపోయి గుండ్రంగా తిరుగుతూ అక్కడే చిక్కుకుంటుంది. అది తెలిశాక, వచ్చిన శలభాలను లెక్కపెట్టడానికి కావలసిన దానికి మించి ఒక్క గంట కూడా దీపం వెలిగించడం న్యాయం అనిపించదు.

చీకటి పడగానే ముందుగా వచ్చేవి చిన్న పేడపురుగులు, పచ్చదోమ. తొలివాన పడిన రాత్రి అయితే ఉసిళ్లు గుడ్డను ముంచెత్తుతాయి. అప్పుడు దీపం ఆర్పి కాసేపు ఆగడం తప్ప దారి లేదు. శలభాల వంతు వచ్చాక వాటిని గుర్తుపట్టడానికి రంగు కంటే వాలిన తీరు ఎక్కువ పనికొస్తుంది. కొన్ని నాలుగు రెక్కలూ చాపి గుడ్డకు అంటుకుపోతాయి, కొన్ని రెక్కలను ఇంటికప్పులా వాల్చుకుంటాయి.

అసలు సంగతి, గుడ్డ మీద వాలిన ప్రతి శలభమూ చుట్టుపక్కల ఏదో ఒక మొక్క ఉందని చెబుతుంది. అరచెయ్యంత వెడల్పున, లేత ముదురు ఆకుపచ్చ చారల మధ్య గులాబి ఛాయతో ఒకటి వాలితే అది గన్నేరు శలభం. దాని గొంగళి గన్నేరు, నందివర్ధనం ఆకులు తిని పెరుగుతుంది. తల వెనక రెండు నీలి కళ్లలాంటి మచ్చలతో పక్షులను బెదిరిస్తుంది. వీపు మీద పుర్రె గుర్తున్న శలభం కనిపిస్తే దగ్గర్లో నువ్వు చేను ఉండవచ్చు. తేనెపట్టులో దూరి తేనె తాగే ఈ జీవి పట్టుకుంటే కీచుమంటుంది. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టు కూడా ఒక శలభం గూడే.

దీపానికి సరిగా రానివీ ఉన్నాయి. వాటి కోసం మగ్గిన అరటిపండు, బెల్లం కలిపి పులియబెట్టి చెట్టు మొదలుకు పూస్తారు. బత్తాయి రైతులకు బాగా తెలిసిన రసం పీల్చే రెక్కల పురుగు అక్కడికే వస్తుంది. దాని ముందు రెక్కలు అచ్చం ఎండుటాకు. వాటిని విప్పితే వెనక రెక్కలు నారింజ రంగులో నల్లని పట్టీతో మెరుస్తాయి. గట్టి తొండంతో తొక్కను పొడిచి రసం తాగితే పండు కుళ్లి రాలిపోతుంది. దీని గొంగళి పెరిగేది బత్తాయి మీద కాదు, కంచె మీద అల్లుకున్న తిప్పతీగ మీద. అందుకే తోట చుట్టూ ఆ తీగను తీసేయమని సలహా ఇస్తారు.

రైతుకు దీపపు ఎర కొత్తది కాదు. వరిలో కాండం తొలిచే పురుగుకూ, అనంతపురం వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగుకూ అదే వాడతారు. తొలకరికి నేలలోంచి లేచే తల్లి పురుగులను చేను గట్ల మీద మంటలు వేసి చంపడం పాత పద్ధతి. ఔత్సాహిక బృందం అదే వెలుగును లెక్క కోసం వాడుతుంది.

ఆ లెక్కకు విలువ రావాలంటే రాసే పద్ధతి కుదరాలి. తేదీ, చోటు, దీపం రకం, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, గాలి, మబ్బు అన్నీ రాయాలి. ఫొటోలో పక్కన స్కేలు ఉండాలి. ఫొటో చూసి జాతి తేల్చలేని శలభాలు చాలా ఉంటాయి. అలాంటప్పుడు కుటుంబం పేరుతో ఆగిపోవడమే సరైన పని, ఊహించి రాసిన పేరు లెక్కను పాడుచేస్తుంది. మూడే వచ్చిన రాత్రి కూడా పుస్తకంలోకి ఎక్కాలి. బ్రిటన్‌లో చాలామంది వాలంటీర్లు ఇలా ఓపికగా నింపిన పట్టికల వల్లే, 1968 నుంచి 2017 లోపు అక్కడి పెద్ద శలభాల సంఖ్య 33 శాతం తగ్గిందని తెలిసింది. ఏ ఒక్క రాత్రి చూసినా ఆ తగ్గుదల అందదు. ఒకే చోట నెలనెలా గుడ్డ కట్టే బృందం చేసే మేలు ఊరూరా తిరిగే బృందం కంటే ఎక్కువ.

పని అయ్యాక దీపం ఆర్పి, గుడ్డను మెల్లగా దులిపి, శలభాలను పొదల్లోకి వదలాలి. చేత్తో రెక్కలు పట్టుకుంటే పొలుసులు రాలిపోతాయి కాబట్టి కాగితం మీదికి ఎక్కించి దించుతారు. ఇదంతా తెల్లవారకముందే ముగియాలి. వెలుగు వచ్చేదాకా గుడ్డ కట్టి ఉంచితే పిట్టలు దాని దగ్గరికి మరిగి, దొరికినవన్నీ ఏరుకు తినేస్తాయి.